ఇంజిన్ పోయిందన్నారా? ఎలా పోయిందో ముందు తేల్చుకోండి

కారు దారిలో ఆగిపోతుంది. టోయింగ్ బండి మీద షెడ్డుకు చేరుతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు సెల్ఫు కొట్టి, పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ "ఇంజిన్ పోయింది సార్" అంటాడు. వెంటనే మనం "ఎంతవుతుంది?" అని అడుగుతాం. నేనూ అలాగే అడిగాను. ఎందుకు పోయిందని అడగనందుకు ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాను.

అప్పట్లో నా దగ్గర చిన్న పెట్రోలు కారు ఉండేది. ట్రాఫిక్‌లో వేడెక్కి హెడ్డు గ్యాస్కెట్ (ఇంజిన్ పైమూత అయిన హెడ్డుకూ, కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయింది. ఒక షెడ్డులో హెడ్డు విప్పి, లేతు షాపులో ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేసి 18,000 రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. ఐదు నెలలు తిరగకుండానే మళ్లీ అదే జబ్బు. ఈసారి ఇంకొక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కూడా హెడ్డు విప్పి బాగుచేశాడు గానీ బండి వెంటనే నాకు అప్పగించలేదు. షెడ్డు ముందు స్టార్ట్ చేసి వదిలేసి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగింది. కాసేపటికి రెండోసారీ తిరిగింది. మూడోసారి వేడి ముల్లు సగం దాటినా ఫ్యాను కదల్లేదు. ఆయన లేచి, ఫ్యూజుల డబ్బాలో ఉన్న నల్లటి రిలేను (ఫ్యానుకు కరెంటు వదిలే స్విచ్చును) పానా పిడితో చిన్నగా తట్టాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. "మీ హెడ్డును రెండుసార్లు తిన్నది ఇదే" అన్నాడు. కొత్త రిలే ఖరీదు 250 రూపాయలు.

పోయిన భాగం వేరు, పోగొట్టిన భాగం వేరు. ఇక్కడ రాసిన క్రమమంతా ఆ రెండోదాన్ని పట్టుకోవడానికే. ఇందులో సగం పనులు మీరే చేసుకోవచ్చు. మిగిలిన సగం మెకానిక్ చేస్తుంటే మీరు పక్కన నిలబడి చూడాలి.

తాళం జేబులో పెట్టుకోండి

బండి ఆగిన తర్వాత "ఇంకొక్కసారి చూద్దాం" అంటూ సెల్ఫు కొట్టడం వల్ల చాలా ఇంజిన్లు పూర్తిగా పాడవుతాయి. సిలిండర్లో నీళ్లుంటే ఆ ఒక్క ప్రయత్నంతో, పిస్టన్‌ను క్రాంకు అనే ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. వాల్వులను పిస్టన్ల లయకు కలిపి నడిపే టైమింగ్ బెల్టు పళ్లు జారి ఉంటే, ఆ ఒక్క ప్రయత్నంతో వాల్వులు పిస్టన్లను తాకవచ్చు. ఆయిల్ లేక బేరింగులు (క్రాంకు తిరిగే చోట ఉండే లోహపు పెంకులు) అంటుకుంటే గీత కాస్తా గాడి అవుతుంది. అందుకని స్టార్ట్ చేయడం ఈ క్రమంలో చాలా వెనక వస్తుంది. షెడ్డులో కుర్రాళ్లకు కూడా ఆ మాట గట్టిగా చెప్పండి. మీరు టీ తాగి వచ్చేలోపు కనీసం ఒకరైనా తాళం తిప్పి చూస్తారు.

బ్యాటరీ వైరు కూడా అప్పుడే పీకవద్దు. కొన్ని కార్లలో బ్యాటరీ తీసేస్తే కంప్యూటర్ దాచుకున్న తప్పుల చిట్టా చెరిగిపోతుంది. దాన్ని చదివాకే వైరు తీయాలి.

చివరి పది నిమిషాలు కాగితం మీద రాయండి

ఇది అన్నిటికంటే చవకైన పరీక్ష, అందరూ వదిలేసేదీ ఇదే. బండి నడిపినవారిని కూర్చోబెట్టి, వేడి మీద ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. రెండు రోజులు పోతే జ్ఞాపకం మారిపోతుంది. పైగా నడిపింది ఇంట్లో కుర్రవాడైతే కథే మారిపోతుంది.

ఒక్కసారిగా ఆగిందా, బలం తగ్గుతూ తగ్గుతూ ఆగిందా? పరుగెత్తుతున్న బండి స్విచ్ కట్టేసినట్టు చప్పుడు లేకుండా ఆగితే కరెంటు, పెట్రోలు, టైమింగ్ బెల్టు వైపు చూడాలి. టకటకమని మొదలై, దడదడగా మారి, బిగుసుకుని ఆగితే బేరింగుల వైపు చూడాలి. ఏ దీపం వెలిగింది? అల్లావుద్దీన్ దీపంలా ఉండే ఎర్ర బొమ్మ ఆయిల్ ఒత్తిడిది. అది ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో మొహమాటం లేకుండా రాయండి.

వేడి ముల్లు గురించి అడిగేటప్పుడు ఒక కిటుకు గుర్తుంచుకోండి. "ముల్లు పైకి వెళ్లింది, తర్వాత దానంతట అదే దిగింది, అందుకే నడిపాం" అని చాలామంది అంటారు. అది మంచి కబురు కాదు. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే వేడిని సరిగ్గా చూపిస్తుంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలి ముల్లు కిందికి దిగుతుంది. ఇంజిన్ మాత్రం లోపల కాలిపోతూ ఉంటుంది.

పొగ రంగు కూడా రాయండి. తియ్యటి వాసనతో తెల్లపొగ దట్టంగా వస్తే కూలెంట్ మండుతోంది. నీలం పొగ అయితే ఆయిల్. నలుపు అయితే ఇంధనం ఎక్కువ, లేదా గాలి తక్కువ.

చివరిగా, ఆ బండి మీద ఆఖరున చేయి వేసింది ఎవరు? పోయిన వారమే ఆయిల్ మార్చి ఉంటే నా అనుమానం మొదట అక్కడికే పోతుంది. పాత ఆయిల్ ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త ఫిల్టర్ దాని మీదే బిగిస్తారు. షెడ్డులో ఒక్క చుక్క కారదు. రోడ్డు మీద ఒత్తిడి పెరిగాక ఆ రెండు రబ్బర్ల మధ్య నుంచి ఆయిల్ మొత్తం బయటకు పోతుంది. బండి కిందకు వంగి, ఫిల్టర్ చుట్టూ, సంపు (ఆయిల్ నిలిచే అడుగు తొట్టి) బోల్టు చుట్టూ తడి ఉందేమో టార్చి వేసి చూడండి.

అసలు పోయింది ఇంజినేనా?

బ్యాటరీ పోయినా, ఎలుకలు వైరింగు కొరికినా, పెట్రోలు పంపు ఆగినా "ఇంజిన్ పోయింది" అనే మాటే వినిపిస్తుంది. మల్టీమీటర్‌తో బ్యాటరీ కొలవండి. బ్యాటరీ మీద భారం లేనప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.2 కంటే తక్కువైతే సగం ఖాళీ, ముందు ఛార్జింగ్ పెట్టండి. డాష్‌బోర్డులో తాళం బొమ్మ అదే పనిగా మిణుకుతుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదని అర్థం.

ఎలుకల సంగతి తేలిగ్గా తీసుకోకండి. వారం రోజులు కదలకుండా ఉన్న బండిలో ఇంజెక్టర్ల దగ్గర వైర్లు, బానెట్ కింది మెత్త చూడండి. గింజల పొట్టు, పెంటికలు కనిపిస్తే మీ ఇంజిన్ బహుశా నిక్షేపంగా ఉంది.

కడ్డీ తీసి తెల్ల కాగితం మీద తుడవండి

ఇంజిన్ చల్లారాక ఆయిల్ కడ్డీ తీసి, గుడ్డకు బదులు తెల్లటి టిష్యూ కాగితం మీద తుడిచి ఎండలో పట్టుకోండి. కడ్డీకి అసలు తడే అంటకపోతే కథ సగం తెలిసిపోయినట్టే. అయినా అక్కడితో ఆగవద్దు. ఆయిల్ ఎక్కడికి పోయింది? కారిపోయిందా, మండిపోయిందా, ఏడాదిన్నరగా ఎవరూ చూడలేదా?

పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి. అయితే ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్లని నురగ కనిపించి కడ్డీ శుభ్రంగా ఉంటే కంగారు పడకండి. డిసెంబరు చలిలో ఆదిలాబాద్‌లోనో అరకులోనో రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి ఆ నురగ మామూలే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక లోపలి చెమ్మ అక్కడ చేరుతుంది. ఆ నురగ చూపించి హెడ్డు విప్పమనేవారు ఉంటారు, వినకండి.

ఆయిల్ గరిష్ఠ గీత దాటి ఉంటే అది ఇంకా గట్టి ఆధారం. ఆయిల్ తనంతట తాను పెరగదు. కూలెంటో ఇంధనమో చేరి ఉండాలి, వాసన చూడండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. వాటి పొగ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఊళ్లోనే తిరిగే బండిలో ఆ పని మధ్యలోనే ఆగిపోతూ, మండని డీజిల్ గోడల వెంట సంపులోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. బేరింగులు అరుగుతాయి. అలాంటి బండికి కొత్త బేరింగులు వేసి అదే ఊళ్లో అదే రెండు కిలోమీటర్లు తిప్పితే మళ్లీ అరుగుతాయి.

కాగితం మీద మెరుపు కనిపిస్తే, ఆయిల్ ఒక శుభ్రమైన పళ్లెంలోకి దించి అయస్కాంతం తిప్పండి. అంటుకుంటే ఇనుము: క్రాంకు, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు), పిస్టన్ రింగులు, చైను. అంటుకోకుండా వెండిలానో రాగిలానో తేలితే బేరింగులు లేదా పిస్టన్. ఆయిల్ ఫిల్టర్‌ను కోయించి, మడతల కాగితం విప్పి చూడటం అంతకంటే నమ్మకమైన పని. రంపంతో కోస్తే రంపపు పొడే లోపల పడి మోసం చేస్తుంది, జాగ్రత్త. ఒక చిన్న శుభ్రమైన సీసాలో వంద మిల్లీలీటర్ల ఆయిల్ పట్టి తేదీ రాసి దాచండి. తర్వాత వారంటీ తగాదా వస్తే అదే మీ సాక్షి.

రేడియేటర్ మూత పూర్తిగా చల్లారితేనే తీయాలి. వేడిమీద తీస్తే ముఖం మీదకు మరిగే నీళ్లు ఎగజిమ్ముతాయి. లోపల ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండాల్సిన కూలెంట్ ఇటుక రంగు నీళ్లలా ఉంటే ఎవరో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తున్నారు. మన ప్రాంతాల్లో బోరు నీళ్ల ఉప్పదనం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. టీ గిన్నె అడుగున కట్టే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిసి ఒత్తిడి మూత కింద ఉన్నప్పుడు 125 డిగ్రీలు దాటినా మరగదు. ఉట్టి నీళ్లకు ఆ వెసులుబాటు ఉండదు, తుప్పును ఆపే మందూ ఉండదు.

కంప్యూటర్ ఏమంటోంది

2013 తర్వాతి కార్లలో స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చే సాకెట్ ఉంటుంది. ఫోనుకు కలిసే చిన్న స్కానర్ చాలు. తాళం ఆన్ చేయండి, స్టార్ట్ చేయకండి. వచ్చిన కోడ్లన్నీ ఫొటో తీసుకోండి, ఏదీ చెరపవద్దు.

పీ 0301 నుంచి పీ 0304 దాకా ఆయా సిలిండర్ సరిగ్గా మండలేదని చెబుతాయి. పీ 0016 క్రాంకుకూ క్యామ్‌కూ పొత్తు కుదరలేదని, అంటే టైమింగ్ బెల్టో చైనో జారి ఉండవచ్చని. పీ 0217 మితిమీరి వేడెక్కిందని, పీ 0524 ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. పీ 0335 వస్తే క్రాంకు సెన్సర్ వరస చూడండి. అది పాడైన బండి వేడి మీద ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

కోడ్ కంటే విలువైనది దానితోపాటు దాగి ఉండే "ఫ్రీజ్ ఫ్రేమ్". తప్పు జరిగిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, కూలెంట్ వేడి ఎంత అన్నది అక్కడ ఉంటుంది. వేడెక్కినప్పుడు బండి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఫ్యానును అనుమానించనక్కర్లేదు, ఆ వేగంలో గాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. కూలెంట్ లీకు, నీళ్ల పంపు, థర్మోస్టాట్, పూడిపోయిన రేడియేటర్ చూడాలి. వేగం సున్నా అయితే ఫ్యాను, దాని రిలే. నా మొదటి మెకానిక్ ఈ ఒక్క అంకె చూసి ఉంటే నాకు రెండో బిల్లు వచ్చేది కాదు.

చేత్తో తిప్పి చూడండి

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పించండి. డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు. ఇక ఇప్పుడు బ్యాటరీ వైరు తీసేయవచ్చు. క్రాంకు పుల్లీ మధ్య బోల్టుకు సాకెట్ తగిలించి, పొడుగాటి పిడితో ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ప్లగ్గుల రంధ్రాలకు ఎదురుగా ముఖం పెట్టకండి.

హాయిగా తిరిగితే ఇంజిన్ బిగుసుకోలేదు. అసలు కదలకపోతే ఇంజిన్ మీద తీర్పు చెప్పే ముందు ఫ్యాన్ బెల్టు తీసి మళ్లీ ప్రయత్నించండి. ఆల్టర్నేటర్ బేరింగో ఏసీ కంప్రెసరో పట్టేసినా పైకి ఇంజిన్ బిగుసుకున్నట్టే ఉంటుంది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా ఇంజిన్ దించేసిన సందర్భాలు ఉన్నాయి. సెల్ఫు మోటారు పళ్లు ఇరుక్కున్నా ఇంతే, దాన్ని కూడా విప్పి చూడండి.

కొంతదూరం తిరిగి, ప్రతిసారీ ఒకే చోట టక్కున ఆగితే లోపల ఏదో అడ్డు తగులుతోంది, వాల్వో విరిగిన ముక్కో. బలం పెట్టకండి. ప్లగ్గు రంధ్రంలోంచి ఫోనుకు తగిలించే సన్నని కెమెరా దించి చూడండి. పిస్టన్ నెత్తిన నెలవంకలా నొక్కు కనిపిస్తే వాల్వు తాకింది. మిగిలిన పిస్టన్లు మసితో నల్లగా ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే ఆ సిలిండర్లోకి కూలెంట్ దిగుతోంది.

తిప్పినప్పుడు ఏదైనా రంధ్రంలోంచి నీళ్లు చిమ్మితే కథ వేరే. దాని సంగతి కిందకు వస్తుంది.

ఇప్పుడు సెల్ఫు కొట్టవచ్చు

చేత్తో స్వేచ్ఛగా తిరిగిన ఇంజిన్‌కే ఈ అడుగు. ప్లగ్గులు బిగించి, ఫ్యాన్ బెల్టు తీసి ఉంటే తిరిగి వేసి, బ్యాటరీ కలిపి, చెవి పెట్టి వినండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సమానమైన లయతో ఊపిరి పీల్చినట్టు తిరుగుతుంది. ఆ లయ లేకుండా కుట్టుమిషన్లా జుయ్యిమని తేలిగ్గా తిరిగితే ఎక్కడా ఒత్తిడి నిలవడం లేదు, టైమింగ్ బెల్టు తెగి ఉండవచ్చు. మూడు బరువుగా, నాలుగోది తేలిగ్గా ఉంటే ఒక్క సిలిండర్ పోయింది. టక్ మని ఒక్క చప్పుడుతో ఆగితే బ్యాటరీ, సెల్ఫు మోటారు. తిరిగేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కంటే కిందికి పడితే లోపం బ్యాటరీలోనే ఉండవచ్చు. ఆ సమయంలో ఆర్పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందా చూడండి. సున్నా దగ్గరే పడుకుని ఉంటే క్రాంకు సెన్సర్‌కు ఒక ఓటు.

టైమింగ్ బెల్టు తెగిందని తేలితే పాత బెల్టును పారేయనివ్వకండి. ఒళ్లంతా పగుళ్లు ఉంటే వయసు మీరింది. ఆయిల్‌లో నాని ఉబ్బితే పక్కనున్న సీలు కారుతోంది. బెల్టు బాగానే ఉండి ఒకే చోట వరసగా పళ్లు ఊడితే అది దేన్నో లాగలేక తెగింది. నీళ్ల పంపో, క్యామో పట్టేసి ఉండాలి. ఆ పంపును చేత్తో తిప్పి చూడకుండా కొత్త బెల్టు వేస్తే దానికీ అదే గతి. అన్ని కార్లకూ బెల్టు ఉండదు. స్విఫ్ట్ నుంచి ఇండికా విస్టా దాకా ఎన్నో కార్లలో కనిపించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్‌కు చైను. రెనో డస్టర్‌లోని 1.5 డీజిల్‌కు బెల్టు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 లీటర్ టర్బో పెట్రోలుకు ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే బెల్టు. దానికి ఆయిల్ రకం తప్పితే బెల్టు పొట్టు రాలి ఆయిల్ జల్లెడను పూడుస్తుంది.

ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే ప్లగ్గు రంధ్రానికి గేజి తగిలించి సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం. ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, స్పార్కు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ప్రతి సిలిండర్‌కూ అయిదారు కొట్లు కొట్టాలి. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ బాగుంటే చాలావరకు 150 నుంచి 190 పీఎస్ఐ చూపిస్తుంది. డీజిల్ 350 నుంచి 450. మీ ఇంజిన్‌కు కచ్చితమైన అంకె సర్వీసు పుస్తకంలో ఉంటుంది. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం మించకూడదు. పక్కపక్కనున్న రెండు మాత్రమే పడిపోతే వాటి మధ్య హెడ్డు గ్యాస్కెట్ కాలింది. తక్కువ చూపించిన పెట్రోలు సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో గ్యాస్కెటో.

అనుమానం ఇంకా ఉంటే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. పిస్టన్ పైన, రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు సిలిండర్లోకి గాలి ఎక్కించి, అది ఎక్కడి నుంచి తప్పించుకుంటుందో వినడమే దీని సారం. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే లోపలికి పీల్చే వాల్వు. సైలెన్సర్లో వినిపిస్తే పొగ వాల్వు. ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్లో బుడగలు లేస్తే హెడ్డు గ్యాస్కెట్ లేదా హెడ్డుకు పగులు. నాకు అన్ని పరీక్షల్లో ఇదే ఇష్టం. ఇంజిన్ విప్పకుండానే తన నోటితో చెబుతుంది.

వరద నీళ్లలో మునిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగినప్పుడు అందరూ నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఆపి ఉంచిన బండి మునగడం వేరు, నీళ్లలో నడుస్తూ ఆగడం వేరు. ఆపి ఉన్నదాన్ని స్టార్ట్ చేయకుండా ఆయిల్ దించి, ప్లగ్గులు తీసి నీళ్లు వెళ్లగొడితే ఇంజిన్ చాలాసార్లు బతుకుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. నడుస్తున్న ఇంజిన్ నీళ్లు పీలిస్తే రాడ్డే వంగాలి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి కాగితం తడిసిందా, లోపలి గోడ మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో ఫొటో తీయండి. కెమెరా దించినప్పుడు సిలిండర్ గోడ పైభాగంలో మసి గీతలు చూడండి. బాగున్న సిలిండర్లో పిస్టన్ ఎక్కే ఎత్తు దగ్గర ఒకటే గీత ఉంటుంది. రాడ్డు వంగి పొట్టిదైతే పిస్టన్ అంత ఎత్తుకు చేరదు, పాత గీత కింద రెండో గీత మొదలవుతుంది. వంగిన రాడ్డుతో బండి కొన్ని వారాలు కూడా నడవవచ్చు. ఒకరోజు హైవే మీద ఆ రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటకు వస్తుంది, వరద సంగతి అప్పటికి అందరూ మరిచిపోయి ఉంటారు.

బీమా ఉంటే సర్వేయరు చూడకముందు ఏదీ విప్పించవద్దు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టాన్ని మామూలు పాలసీల కింద తిరస్కరించడం సాధారణం. ఇంజిన్ రక్షణ పేరుతో అదనపు కవరు తీసుకున్నారేమో మీ కాగితాలు చూసుకోండి.

విప్పితే, కడగనివ్వకండి

షెడ్డులో ఒక మంచి అలవాటు ఉంటుంది: విప్పిన ప్రతిదాన్నీ డీజిల్ తొట్టిలో వేసి కడిగేయడం. ఇక్కడ ఆ మంచి అలవాటే సాక్ష్యాన్ని చెరుపుతుంది. ముందు ఫొటోలు, తర్వాత ప్రతి బేరింగు ముక్క మీద మార్కర్‌తో ఏ సిలిండర్‌దో, పైదో కిందదో రాయడం, ఆ తర్వాతే కడగడం. నేనైతే బేరింగులను గుడ్ల అట్టపెట్టెలో వరసగా పెట్టిస్తాను.

బేరింగు ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. బాగున్నది మసక వెండి రంగులో నున్నగా ఉంటుంది. పై పూత అరిగితే లోపలి రాగి రంగు బయటపడుతుంది. నూనె అందక కాలినది నీలంగానో నల్లగానో మారుతుంది. గోటితో గీస్తే గీతలు తగిలితే ఆయిల్‌తోపాటు చెత్త తిరిగింది. ఇక అసలు ప్రశ్న: ఎన్ని పోయాయి? అన్నీ ఒకే తీరుగా అరిగితే ఇంజిన్ మొత్తానికి ఆయిల్ తక్కువైంది, పలచబడింది, లేదా మురికైంది. మిగిలినవన్నీ బాగుండి ఒక్కటే కాలితే ఆ ఒక్కదానికి పోయే దారి పూడుకుంది, లేదా ఇంతకుముందు బిగించినవారు తప్పు చేశారు.

సంపు విప్పగానే ఆయిల్ పీల్చే జల్లెడ చూడండి. అందులో రబ్బరు పురుగుల్లాంటి ముక్కలు ఇరుక్కుని ఉంటే అవి గ్యాస్కెట్ పేస్టువి. సంపు బిగించేటప్పుడు "కారకుండా ఉంటుంది" అని చేతికందినంత పేస్టు పూస్తారు. బయట ఎంత ఉబ్బితే లోపలా అంతే ఉబ్బుతుంది. లోపలిది ఊడి జల్లెడకు చేరుతుంది. ఆయిల్ నిండుగా ఉన్నా బేరింగులు ఎండిపోయిన ఇంజిన్‌కు ఇది చాలాసార్లు జవాబు.

పిస్టన్ పక్కల మీద పిన్నుకు అటూ ఇటూ నాలుగు మూలల్లో రుద్దుకున్న మచ్చలుంటే అది వేడికి ఉబ్బి పట్టేసింది. నెత్తి అంచులు ఇసుకతో రుద్దినట్టు గరుకుగా ఉండి రింగుల మధ్య గట్లు విరిగితే పెట్రోలు ఇంజిన్లో నాకింగు (ఇంధనం అదుపు తప్పి మండటం). డీజిల్లో ఒకే పిస్టన్ కరిగి గుంట పడితే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను బెంచి మీద పరీక్షించకుండా కొత్త పిస్టన్ వేయవద్దు. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చని రేకు) దూర్చాలి. చాలా అల్యూమినియం హెడ్లకు 0.05 మిల్లీమీటర్ల దాకానే ఒంపు ఓర్చుకుంటారు. అంతకు మించితే ఫేసింగ్, దాని వెనుక వేడెక్కడానికి కారణం వెతకడం.

బిల్లు ఒప్పుకునే ముందు

దొరికిన ప్రతి జవాబుకూ వెనక ఇంకొక "ఎందుకు" అడగండి. బేరింగు కాలింది. ఎందుకు? ఆయిల్ లేదు. ఎందుకు? ఫిల్టర్ దగ్గర కారింది. ఎందుకు? పాత రబ్బరు రింగు ఉండిపోయింది. అక్కడ ఆగవచ్చు, ఎందుకంటే అది సరిచేయగలిగిన పని. "ఇంజిన్లంతే సార్, పోతుంటాయి" అన్న జవాబు దగ్గర మాత్రం ఆగకండి.

బేరింగులు పోయిన ఇంజిన్ బాగుచేయిస్తుంటే ఆయిల్ కూలర్, టర్బోకు వెళ్లే ఆయిల్ గొట్టాలు కొత్తవి వేయించండి. కూలర్ సన్నని దారుల్లో పాత లోహపు పొడి దాక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. ఆయిల్ పంపు తెరిచి గీతలు చూడండి. హాఫ్ ఇంజిన్ (హెడ్డు లేని ఇంజిన్) కొనుక్కొచ్చి వేస్తున్నా ఇదే మాట. పాత భాగాలన్నీ గోనెసంచిలో మీ ఇంటికి రావాలని ముందే చెప్పండి.

కొత్త ఇంజిన్‌తో 500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మార్పించి ఆ ఫిల్టర్‌నూ కోయించండి. కాస్త మసి, చిన్న మెరుపు ఉంటే కొత్త రింగులు కుదురుకుంటున్నాయి. రాగి రంగు రేకులు కనిపిస్తే బండి అక్కడే ఉంచి, పాత బేరింగుల అట్టపెట్టె తీసుకుని షెడ్డుకు వెళ్లండి.